కనుమ దాటని ఎరుపు

పోయిన వారం బురుల్‌ని కోయ్‌సూ వెళ్ళే వ్యానులో, ఒళ్ళో బొర్సోకుల మూటతో వదిలేశాం. పాపం అప్పట్నుంచీ అక్కడే కూర్చుని ఉంది. నూనెలో వేయించిన ఆ పిండి ముక్కలు మన ఇళ్ళలో అయితే ఈపాటికి రాళ్ళయిపోయేవి. సీరియల్లో కాబట్టి ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారికి జరిగింది చెప్పాలి. బురుల్ అర్చాలీలో రోడ్ల ఆఫీసు ఉద్యోగి. ఏ కనుమ దారి ఎలా ఉందో రోజూ చుట్టుపక్కల బస్ స్టేషన్లకు మెయిల్ పంపడం ఆమె పని. నవంబరులో ఒక రోజు తాష్‌బెల్ కనుమ మూతపడింది. మూసిన కనుమకు వేసే ఎర్ర రంగుతో ఆ సంగతి ఆమె పంపింది. అయినా కోయ్‌సూ స్టేషన్ నుంచి ఎర్మెక్ అనే డ్రైవరు బస్సు పైకి పోయి, రాత్రంతా మంచులో కూరుకుపోయింది. ప్రయాణికులందరూ బతికి బయటపడ్డారు. ఎర్మెక్ కాలివేళ్ళు మాత్రం తీసేయాల్సి వచ్చింది. బస్సును వదిలిన డ్యూటీ మనిషి సగిన్. అతని మీద విచారణ నడిచింది. సోమవారం తీర్పు. ఉద్యోగం పోవడం ఖాయం, జైలా కాదా అన్నదే తేలాలి.

ఆ సగిన్ బురుల్ భర్త కుబాత్‌కు పెదనాన్న కొడుకు. అంటే ఆమెకు బావగారు. "సందేశం స్పష్టంగా ఎర్రగానే పంపాను" అని విచారణలో సంతకం పెట్టింది బురులే. ఇప్పుడు పరామర్శకు వస్తున్నది కూడా ఆమే. సంతకం పెట్టిన చేత్తోనే బొర్సోకులు వేయించుకుని మరీ వచ్చింది.

వ్యాను దిగి బావగారి గుమ్మం ముందు బూట్ల మంచు దులుపుకుంటూ ఉండగానే తలుపు తెరుచుకుంది. సగిన్ భార్య ఉల్కాన్ ఆమెను తల నుంచి పాదం దాకా చూసి, చివరికి మూట దగ్గర ఆగింది.

"రామ్మా, రా. మర్యాదస్తురాలివి. ముంచేశాక మూట పట్టుకెళ్ళాలని మీ అమ్మ బాగానే నేర్పింది."

"ఎజే, అలా అనకండి," అంది బురుల్. ఎజే అంటే వాళ్ళ భాషలో అక్క.

"మరెలా అనాలో నువ్వే రాసివ్వు. రంగుల్లో రాయడం నీకు బాగా వచ్చుగా."

లోపల పొయ్యి పక్కన సగిన్ ఒత్తిన ఉన్నితో చేసిన నమదా బూటు ఒకటి ఒళ్ళో పెట్టుకుని అడుగు కుడుతున్నాడు. పొడుగాటి మనిషి, కూర్చున్నా ఇంట్లో సగం ఆయనే ఉన్నట్టుంటుంది. భర్త వైపు పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవకూడదు కాబట్టి బురుల్ పెళ్ళయినప్పటినుంచీ ఆయన్ని 'పొడుగు బావగారు' అంటోంది. విచారణలో డ్యూటీలో ఉన్నదెవరని అడిగినప్పుడూ అలాగే అంది. రాసుకునేవాడు కలం ఆపి చూశాడు. ఆవిడ మర్యాద తప్పలేదు. బావగారి ఉద్యోగం మాత్రం తప్పించింది.

"కూర్చో అమ్మాయ్," అన్నాడు సగిన్ తలెత్తకుండా. "కుబాత్ ఎలా ఉన్నాడు? పిల్లలు?"

"బాగానే ఉన్నారు బావగారూ. ఆయనకి కొండ మీది మేత ముగించి మందతో కిందికి వచ్చాక ఇంకా పని దొరకలేదు."

ఉల్కాన్ టీ పోసి పియాలా ముందుకు తోసింది. అంచుదాకా పోసింది, చుక్క కదిలితే ఒలికేలా. మామూలుగా అయితే చుట్టానికి అడుగున కాస్త పోసి, మళ్ళీ పోసి, మళ్ళీ మళ్ళీ పోసి కూర్చోబెడతారు. నిండుగా పోశారంటే తాగి దయచేయమని. బురుల్ ఆ పియాలాను చూసింది. సగిన్ కూడా చూశాడు. చూసి, సూదిని మళ్ళీ బూటులోకి దించాడు.

"డాక్టరు ఈయనకి రంగుల అట్టలు చూపించాడు, తెలుసా?" ఉల్కాన్ ఎదురుగా చతికిలబడింది. "ఇది ఎరుపా, పచ్చా అని చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు అడిగాడు. అన్నీ సరిగ్గా చెప్పాడు నా మొగుడు. కళ్ళు బాగున్నాయి కాబట్టి తాగి ఉంటాడని తేల్చారు. గుడ్డివాడైనా బాగుండేది, పెన్షను వచ్చేది."

"బావగారు తాగరు."

"ఆ ముక్క అక్కడెందుకు అనలేదూ?"

"ఎవరూ అడగలేదు ఎజే."

"అడగలేదట! పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఎవరూ అడగలేదని కూర్చుంటావా ఇంట్లో?"

బురుల్ పియాలా ఒలకకుండా ఎత్తి ఒక గుక్క తాగింది. ఆమెను రాత్రుళ్ళు నిద్ర పోనివ్వనిది ఇంకొకటుంది. విచారణ సంఘం ఆ రోజు సందేశాన్ని కాగితం మీద అచ్చువేసి ఇమ్మంది. ఆఫీసులో ఉన్న ప్రింటరుకు నలుపు తప్ప ఇంకో రంగు తెలియదు. అంతా నల్లగానే వచ్చింది. "ఎరుపు ఎక్కడుందని అడుగుతారు, కాస్త దిద్దమ్మా" అన్నాడు ఆఫీసు పెద్దాయన జుమాలీ. బురుల్ తన కూతురి ఎర్ర పెన్సిలు తెచ్చి, తాష్‌బెల్ వరుసకు జాగ్రత్తగా, అక్షరం దాటి పోకుండా రంగు వేసింది. అబద్ధం కాదు. కంప్యూటర్లో అది ఎర్రగానే ఉంది. అయినా పెన్సిలును పిల్ల చూడకుండా తిరిగి దాని సంచిలో పెట్టింది.

అసలు ఈ ఎరుపు గొడవంతా జుమాలీ గారి పట్టింపు వల్ల వచ్చింది. బయల్దేరేవాడికి దారి తెల్లగా, అంటే శుభంగా ఉండాలని దీవించే మనుషులం, ఆఫీసే కూర్చుని 'దారి మూసేశారు' అని రాస్తే ఎలా అంటాడాయన. అశుభం. వెనకటికి ఫోనులో చెప్పేటప్పుడు 'తాష్‌బెల్ విశ్రాంతి తీసుకుంటోంది' అనేవారు. కంప్యూటర్లు వచ్చాక ఉపాయం బురుల్‌కే తట్టింది. మంచు, గాలి, చక్రాలకు గొలుసులు అని మామూలుగా రాయడం, మూసిన కనుమ వరుసకు మాత్రం ఎర్ర రంగు వేయడం. ఎవరి నోటా అశుభం పలకక్కర్లేదు. జుమాలీ గారు మురిసిపోయి మహిళా దినోత్సవం రోజు అందరి ముందూ ఆమెకు టీ సెట్టు ఇచ్చాడు.

మెప్పు దొరికితే మనిషి అక్కడితో ఆగడు కదా. బురుల్ సందేశం వెనకాల మంచుకొండ బొమ్మ పెట్టింది. పైన ఆఫీసు చిహ్నం, కింద వంకీల అక్షరాల్లో తన పేరు, పేరు పక్కన మెరిసే మంచు పువ్వు. పక్క జిల్లా ఆఫీసు నుంచి ఒకావిడ ఫోను చేసి, పెళ్ళిపత్రికలా ఉందమ్మా అంది. బురుల్ ఆ మాట ఇంట్లో రెండు పూటలా చెప్పుకుంది.

"నాకు నల్లగానే కనిపించింది," అన్నాడు సగిన్ ఉన్నట్టుండి. "అక్కడా అదే చెప్పాను. ఎరుపు కోసమే వెతికాను. లేదు. గొలుసులు ఉండాలని ఉంది, ఎర్మెక్ దగ్గర గొలుసులు ఉన్నాయి. పంపాను. ఇంక ఆ మాట వదిలెయ్యండి."

"ఆ రోజుది ఇంకా కంప్యూటర్లో ఉందా బావగారూ? ఒకసారి చూస్తాను."

"ఎందుకమ్మాయ్, అయిపోయిందానికి."

ఆయన అంత తొందరగా వద్దనడం బురుల్‌కు వింతగా అనిపించింది. ఉల్కాన్‌కైతే అనుమానమే వచ్చింది. "ఏం, చూడనీ! చూపించడానికి సిగ్గుపడాల్సింది నువ్వా? లే. ఆ బూటు ఎక్కడికీ పరిగెత్తదు."

ఇంటి వెనక పెరడు దాటితే స్టేషన్ వస్తుంది. ఉల్కాన్ పొయ్యి దగ్గరే ఉండిపోయింది, వీళ్ళిద్దరే వెళ్ళారు. ముందు ఒక బస్సు పొగలు కక్కుతూ నిలబడి ఉంది. ఇంతకు ముందు టికెట్లు మాత్రమే అమ్మిన నసిపా, ఇప్పుడు సగిన్ పని కూడా నెత్తిన పడి, సామాన్లు ఎక్కించేవాళ్ళ మీద అరుస్తోంది. వీళ్ళను చూసి, సగిన్‌ను అన్నగారూ అన్నట్టు బైకే అని పిలుస్తూ చెయ్యి ఊపింది. "లోపలికి పదండి బైకే, పొయ్యి వెలుగుతోంది!"

ఆ బస్సు ఏ ఊరికని సగిన్ అడగలేదు. అడిగే అధికారం పోయాక అడిగే అలవాటు కూడా పోయినట్టుంది.

కంప్యూటర్ ముందు బురుల్ కూర్చుంది. ఆ రోజు సందేశం వెతికి తెరిచింది.

మంచుకొండ లేదు. చిహ్నం లేదు. వంకీలు లేవు. మామూలు నల్ల అక్షరాలు, ఒకదాని కింద ఒకటి, రేషను కొట్టు బోర్డులా. అన్ని కనుమల మధ్యలో తాష్‌బెల్ కూడా నల్లగా, బుద్ధిగా నిలబడి ఉంది: మంచు, గాలి, గొలుసులు తప్పనిసరి.

బురుల్ చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. ఆ తర్వాత అక్టోబరులో వచ్చిన ఫోను గుర్తొచ్చింది. 'అమ్మాయ్, నీ కొండ బొమ్మ కంప్యూటర్లోకి దిగేసరికి నా టీ చల్లారిపోతోంది. మెయిల్ వచ్చేదీ ఆ ఫోను లైను మీదే, అది దిగినంతసేపూ లైను దొరకడం లేదని అందరూ నన్ను తిడుతున్నారు. ఏదన్నా చెయ్యి' అని బావగారు నవ్వుతూ అన్నాడు. ఆమెకు కాస్త కోపం వచ్చింది. అందరూ మెచ్చుకున్న కొండ అది. తీసేయడానికి మనసొప్పలేదు. అందుకని ఆయనకే చెప్పింది. అమరికలు తెరవండి, 'అన్ని సందేశాలనూ సాదా అక్షరాల్లో చూపు' అని ఉంటుంది, దాని పక్కన గడిలో టిక్కు పెట్టండి. బొమ్మల బాధ ఉండదు.

బొమ్మలతో పాటు రంగు కూడా పోతుందని ఆ నిమిషాన ఆమెకు తట్టలేదు. అప్పటికి మంచు పడలేదు. ఎర్ర వరుస పెట్టాల్సిన అవసరం నవంబరు దాకా రాలేదు.

ఆమె అమరికల కోసం మౌసు కదిపింది.

"అక్కడే ఉంటుంది," అన్నాడు సగిన్ వెనక నుంచి. "నువ్వు చెప్పిన చోటే."

బురుల్ వెనక్కి తిరగలేకపోయింది. "మీకు తెలుసా?"

"విచారణలో నీ కాగితం చూపించారు కదా, ఎర్రగా ఉన్నది. అది చూసి ఇంటికి పోకుండా నేరుగా ఇక్కడికొచ్చాను. టిక్కు తీశాను. నీ కొండ వచ్చింది, ఎరుపు వచ్చింది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మళ్ళీ పెట్టేశాను."

"ఎందుకు బావగారూ?"

"ఎందుకేంటి? నేను రేపో మాపో పెన్షనుకి పోయేవాణ్ణి. నీ జీతం మీద ఇల్లు నడుస్తోంది. కుబాత్ సంగతి నువ్వు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. ఇద్దరం మునగడమెందుకు?"

"పెద్దక్కకి చెప్పారా?"

"ఉల్కాన్‌కా? చెబితే ఇంకేమన్నా ఉందా, ఊరంతటికీ మెయిల్ వెళ్ళినట్టే." ఆయన నవ్వబోయి మానేశాడు. "సోమవారం అయిపోనీ. తర్వాత ఆ టిక్కు తీసేద్దాం. ఇప్పుడు తీస్తే నసిపా చూస్తుంది, ఇదేంటని అడుగుతుంది."

ఇక్కడ బురుల్ వెంటనే 'కాదు' అని ఉంటే మనకు ఆవిడ మీద గౌరవం పెరిగేది. అనలేదు. ఆమె గుండెలో ఏదో బరువు కిందికి దిగినట్టయింది, చన్నీళ్ళ స్నానం తర్వాత కంబళి కప్పుకున్నట్టు. తేలికపడ్డానని తెలిసి ఆమెకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా తేలిక మాత్రం పోలేదు. పిల్లల స్కూలు, ఇంటి బొగ్గు, అత్తగారి మందులు ఒకదాని వెనక ఒకటి వచ్చి బావగారి పక్షాన నిలబడ్డాయి. మౌసు మీద నుంచి ఆమె చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

బయట బస్సు గేరు మార్చి కదిలిన చప్పుడు. కాసేపటికి నసిపా చేతులు రుద్దుకుంటూ లోపలికి వచ్చింది.

"అబ్బ, పంపేశాను. పై ఊళ్ళో పెళ్ళట, ముసలమ్మలు కూడా నిలబడి వెళ్తామన్నారు. టీ తాగుతారా? ఏంటలా ఉన్నారు ఇద్దరూ, ఎవరన్నా పోయారా?"

"పై ఊరంటే..." సగిన్ మెల్లిగా అడిగాడు. "తాష్‌బెల్ మీదుగానా?"

"ఇంకెటు పోతారు? తాలాయ్ తీసుకెళ్ళాడు. ఎర్మెక్ తమ్ముడు లేడూ, అన్న ఆసుపత్రిలో ఉంటే బస్సు ఊరికే ఎందుకని వాడే నడుపుతున్నాడు." సగిన్ ముఖం చూసి నసిపా గబగబా కలిపింది: "కంగారు పడకండి బైకే. మధ్యాహ్నం మెయిల్ వచ్చాకే పంపాను. మీకు జరిగినదాని తర్వాత ఊరికే పంపుతానా? రెండుసార్లు చూశాను. ఎరుపు ఎక్కడా లేదు."

బురుల్ అప్పటికే మధ్యాహ్నం సందేశం తెరిచింది. ఈ రోజు ఆమె సెలవు, జుమాలీ గారే పంపాడు. నల్ల అక్షరాలు. మంచు, గాలి, గొలుసులు తప్పనిసరి. ఆమె అమరికల్లోకి వెళ్ళి టిక్కు తీసేసి, సందేశాన్ని మళ్ళీ తెరిచింది.

మంచుకొండ శిఖరం వచ్చింది. వాలు వచ్చింది. దాని మీద తాష్‌బెల్ వరుస రక్తంలా ఎర్రగా వచ్చి నిలిచింది.

"అదేంటి?" నసిపా ముందుకు వంగింది. "ఇందాక నల్లగానే ఉంది! మీ మీద ఒట్టు, నల్లగానే ఉంది!"

సగిన్ అప్పటికే ఫోను తిప్పుతున్నాడు. కనుమ మొదట్లో ఒక టీ కొట్టు ఉంది. డ్రైవర్లు గొలుసులు బిగించుకోవడానికి అక్కడ ఆగుతారు. అటు నుంచి ఒకావిడ గట్టిగా పలికింది. ఆ గొంతు గదిలో అందరికీ వినిపిస్తోంది.

"ఆ, ఇప్పుడే వచ్చాడు తాలాయ్. గొలుసులు వేస్తున్నాడు. ఏంటీ? ఆపాలా? ఉండండి చెబుతాను."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, తలుపు, గాలి. ఆవిడ తిరిగి వచ్చింది.

"ఆగనంటున్నాడు సగిన్. ఏమనుకోకు, వాడన్న మాటే చెబుతున్నా. ఆయన మాట వినే మా అన్న వేళ్ళు పోగొట్టుకున్నాడు, మళ్ళీ నన్ను కూడా వినమంటారా అంటున్నాడు. స్టేషన్లో ఎరుపు లేదని నసిపా చెప్పిందట. పైగా పెళ్ళివాళ్ళు తొందర పెడుతున్నారు."

సగిన్ నోరు తెరిచాడు. ఆ నోటి నుంచి ఏ మాట వచ్చినా ఇప్పుడు దానికి విలువ లేదు. విలువ లేకుండా చేసిన మనిషి పక్కనే కుర్చీలో ఉంది.

బురుల్ లేచి ఆయన చేతిలోని ఫోను అందుకుంది.

"అతన్నే పిలవండమ్మా. అర్చాలీ రోడ్ల ఆఫీసు నుంచి బురుల్ అని చెప్పండి. మెయిల్ పంపే మనిషినని చెప్పండి."

ఈసారి ఎక్కువసేపు పట్టింది. తర్వాత ఒక కుర్ర గొంతు, రొప్పుతూ.

"చెప్పక్కా, తొందరగా. వెలుగుండగానే దాటాలి."

"దాటొద్దు తమ్ముడూ. తాష్‌బెల్ మూసేశారు."

ఇలా బాహాటంగా ఆ మాట ఎవరూ అనరు.

"మూసేస్తే ఎరుపు ఉండాలి కదక్కా. ఉందా?"

"ఉంది. మేం ఎర్రగానే పంపాం. కోయ్‌సూ కంప్యూటర్లో రంగు కనబడదు. ఎలా పంపినా నల్లగానే చూపిస్తుంది. అలా చూపించేలా పెట్టమని చెప్పింది నేనే."

పక్కన నసిపా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత తాలాయ్ అడిగాడు. గొంతులో రొప్పు పోయింది.

"ఎప్పట్నుంచి?"

సగిన్ ఆమె మోచేయి పట్టుకున్నాడు. ఆమె పెళ్ళయ్యాక బావగారు ఆమెను తాకడం అదే మొదటిసారి. "ఇవాళే పాడయిందని చెప్పు," అన్నాడు గుసగుసగా. "బస్సు ఆగుతుంది, అంతే కావాలి మనకి. ఇవాళే అను."

నిజమే. ఆ ఒక్క మాటతో బస్సు ఆగేది. సోమవారం కూడా అనుకున్నట్టే గడిచిపోయేది.

"అక్టోబరు నుంచి," అంది బురుల్. "మీ అన్నయ్య వెళ్ళిన రోజు కూడా నల్లగానే ఉంది. బావగారి తప్పేం లేదు."

ఫోను దేనికో తగిలి వేలాడుతున్నట్టు టకటకమని చప్పుడు. టీ కొట్టావిడ "తాలాయ్! ఒరే తాలాయ్, ఆగరా!" అని అరుస్తోంది. తలుపు ధడాలున పడింది. ఆ వెనకే, దూరంగా, బస్సు ఇంజను అందుకుంది.

గొలుసుల చక్రాలు మంచును నములుకుంటూ కదిలాయి. పైకో, కిందికో.